పన్నెండు బోగీల దూరం

పత్రికకు తెలుగులో ఏదైనా రాసివ్వమని అడిగినప్పుడు మా దగ్గర రెండు విషయాలున్నాయి. ఒకటి వానాకాలం, రెండోది స్నైపింగ్. వానాకాలం గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని రెండోదే రాస్తున్నాం. ఇందులో మాలో ఒకడి సంగతి ఉంది. వాడు చదివి, రెండు చోట్ల కొట్టేసి, సరేనన్నాకే ఇచ్చాం. మాకు బళ్లో తెలుగు లేదు, ఇంట్లో నేర్చుకున్నదే. ఒత్తులూ దీర్ఘాలూ మాలో ఒకరి అమ్మగారు దిద్దారు.

మేము నలుగురం, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ పిల్లలం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో మా ముత్తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఇక్కడికి పనికొచ్చి ఉండిపోయారు. మేము ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కొట్లో బెంగాలీ, బళ్లో ఇంగ్లీషు మాట్లాడతాం. ఆటలో మాత్రం నాలుగూ కలిపేస్తాం. పేర్లు రాయడం లేదు. డ్రైవరుగారబ్బాయి, గార్డుగారబ్బాయి, వర్క్‌షాపు వాళ్లబ్బాయి, టీచరుగారమ్మాయి. కాలనీలో మమ్మల్ని ఎలాగూ ఇలాగే పిలుస్తారు. ఇప్పుడు డ్రైవరును లోకో పైలట్ అనీ, గార్డును ట్రైన్ మేనేజర్ అనీ అంటున్నారు కానీ మా ఇళ్లల్లో ఆ మాటలు ఇంకా దిగలేదు.

మేము ఆడేది బీజీఎంఐ. పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో మన దేశంలో నిషేధించాక, 2021లో దాని బదులు వచ్చింది. 2022 జులైలో అదీ ఆగింది, మళ్లీ 2023లో తెరిచారు. పద్ధెనిమిదేళ్లు నిండనివాళ్లు రోజుకు మూడు గంటలకు మించి ఆడకూడదు. మా ఇళ్లల్లో మూడు గంటల మాట ఎత్తితే ఫోనే ఉండదు. పరీక్షలు లేని రోజుల్లో గంట, ఆదివారం రెండు గంటలు. ఇంత తక్కువ సమయంలో ఏదైనా ఒకటి బాగా నేర్చుకోవాలంటే ఏది నేర్చుకోవాలన్న ప్రశ్న అక్కడే పుట్టింది.

దగ్గరికి పోయి కొట్లాడేవాళ్లకి వేళ్లు వేగంగా కదలాలి, ఫోను బాగుండాలి. మా ఫోన్లు బాగుండవు. ఒకదానికి మూల పగిలింది. ఇంకొకటి ఇరవై నిమిషాలు ఆడితే అట్లపెనంలా కాలుతుంది. వానొస్తే సిగ్నల్ పడిపోయి పింగ్ రెండొందలు దాటుతుంది. అంటే మనం మీట నొక్కిన సంగతి అవతలికి చేరి జవాబు తిరిగొచ్చేసరికి సెకనులో ఐదో వంతు గడిచిపోతుంది. ఎదురెదురుగా నిలబడి కొట్టుకునేచోట ఆ ఐదో వంతులో మనం పోతాం. దూరం నుంచి కొడితే ఆ ఆలస్యాన్ని కొంత లెక్కలో కలుపుకోవచ్చు. కాబట్టి పేదవాడి దారి స్నైపింగ్ అని మా డ్రైవరుగారబ్బాయి తేల్చాడు. మాలో స్నైపర్ వాడే.

వాడి చేతిలో కార్98 ఉంటే చూడాలి. అది రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు వాడిన బోల్ట్ రైఫిల్. ఐదు తూటాలు పడతాయి, ఒక్కో తూటాకీ బోల్టు లాగాలి. తప్పితే రెండోది పేల్చేలోగా అవతలివాడు చెట్టు చాటుకి పోతాడు, లేదా వెనక్కి తిరిగి మనల్నే కొడతాడు. మేము ముగ్గురం దాన్ని తీసుకున్నప్పుడల్లా అదే జరిగేది. మొదట్లో ఒకటి రెండు ఆటల్లో దూరం నుంచి నలుగుర్ని, ఐదుగుర్ని పడేసి మేమూ స్నైపర్లమే అని ఎగిరాం. తీరా వాళ్లలో చాలామంది మనుషులే కాదు, కొత్తవాళ్ల కోసం ఆటే నింపే బాట్లు అని వాడు చెప్పాడు. బాట్ నిలబడి చూస్తుంది, మనిషి నిలబడడు.

వాడు నేర్పిన మొదటి పాఠం గన్ను పట్టుకోవడం గురించి కాదు, దూరం చెప్పడం గురించి. ఆటలో మ్యాపు మీద పెద్ద గడి ఒక కిలోమీటరు, చిన్న గడి వంద మీటర్లు. ఎదుటి కొండ మీద మనిషి కనబడగానే దూరం ఎంతో బిగ్గరగా చెప్పాలి. తర్వాత మ్యాపులో గుర్తు పెడితే అసలు దూరం మీటర్లలో చూపిస్తుంది. ఇలా పదిహేను రోజులు మాతో తూటా పేల్చనివ్వకుండా దూరాలు చెప్పించాడు. మేము నూట యాభై అంటే రెండొందల తొంభై ఉండేది. ఎప్పుడూ తక్కువే చెప్పేవాళ్లం. స్కోపులో చూస్తే అంతా దగ్గరగా అనిపిస్తుంది కదా.

దూరం ఎందుకంటే, తూటా గీత గీసినట్టు పోదు, కిందికి జారుతూ పోతుంది. మామూలుగా స్కోపు వంద మీటర్లకి సరిపెట్టి ఉంటుంది. అంతకు మించితే మనిషి మీద గురిపెడితే కాళ్ల ముందు మట్టి లేస్తుంది, కాస్త పైన పెట్టాలి. ఆటలో కార్98 తూటా సెకనుకు 760 మీటర్లు పోతుంది. మూడొందల మీటర్లు పోవడానికి సుమారు 0.4 సెకను. తొమ్మిదో తరగతి సైన్సులో స్వేచ్ఛాపతనం లెక్క ఉంది. 0.4 సెకనులో ఏ వస్తువైనా దాదాపు 78 సెంటీమీటర్లు పడుతుంది. ఆటలో లెక్క అచ్చంగా ఇదే కాదు, స్కోపు వందకి సరిపెట్టి ఉండడంవల్ల కొంత తగ్గుతుంది కూడా. కానీ ఈ లెక్క చేశాకే కొంచెం పైన అంటే ఎంత పైనో మాకు తలకెక్కింది. ఆ ఏడు ఆ పాఠంలో మా నలుగురికీ మార్కులు బాగా వచ్చాయి. ఎందుకొచ్చాయో సైన్సు మాస్టారికి చెప్పలేదు.

పరిగెత్తేవాడు ఇంకో లెక్క. మనిషి సెకనుకు ఆరు మీటర్లు పరిగెత్తితే ఆ 0.4 సెకనులో రెండు మీటర్లకు పైగా ముందుకు వెళ్లిపోతాడు. కాబట్టి గురి మనిషి మీద కాదు, మనిషి ఇంకాసేపట్లో ఉండబోయే ఖాళీ చోటు మీద పెట్టాలి. ఖాళీని గురిచూసి కొట్టడానికి మనసొప్పదు. టీచరుగారమ్మాయికి ఇది అందరికంటే ముందు పట్టుబడింది. గోల్‌బజారులో రోడ్డు దాటేటప్పుడు వచ్చే స్కూటర్ని ఎలా చూస్తామో అలాగే చూడాలంది. స్కూటరు ఇప్పుడెక్కడుందో కాదు, మనం నడిమధ్యకి వచ్చేసరికి ఎక్కడుంటుందో. మిగతా ఇద్దరికీ ఆ మాటతోనే తెలిసింది.

సెన్సిటివిటీ, గైరోస్కోపు గురించి పెద్దగా చెప్పం. స్కోపు పెద్దదయ్యేకొద్దీ సెన్సిటివిటీ తగ్గించుకోవాలి, గైరో ఉంటే ఫోను కొద్దిగా వంచి గురి సరిచేసుకోవచ్చు, అంతే. ఎవరి అంకెలు వాళ్లవి. ఇంకొకరి అంకెలు తెచ్చి పెట్టుకుంటే ఇంకొకరి చెప్పులేసుకున్నట్టే.

అసలైన పాఠం ఆగడం. మేము కనబడగానే కొట్టేవాళ్లం. వాడు కనబడ్డాక ఆగేవాడు. "ఆడు ఆగేదాకా నువ్వు ఆగరా" అనేవాడు. పరిగెత్తేవాడు ఎక్కడో ఒకచోట ఆగుతాడు. పెట్టె తెరిచి సామాను ఏరుకుంటూ, కట్టు కట్టుకుంటూ, పడిపోయిన తోటివాణ్ని లేపుతూ ఆగుతాడు. ఆ ఆగిన రెండు మూడు సెకన్లే మనవి. అప్పుడు ఒక్క తూటా. తగిలినా తగలకపోయినా వెంటనే అక్కడ్నించి లేచి ఇంకో చోటికి పోవాలి, ఎందుకంటే శబ్దం మన చోటు చెప్పేస్తుంది. మా గార్డుగారబ్బాయి ఎన్నిసార్లు చెప్పినా అదే చెట్టు వెనక నుంచి మూడు సార్లు పేల్చి పోయేవాడు. తోటివాణ్ని లేపుతున్నవాణ్ని కొట్టడం టీచరుగారమ్మాయికి ఎప్పుడూ నచ్చలేదు. ఆట గదా అంటే, "ఆటైతే ఏటి, నేను కొట్టను" అంటుంది. ఇప్పటికీ కొట్టదు. దానివల్ల మేము ఓడిన ఆటలున్నాయి. ఈ విషయంలో మాలో మాకు ఇంకా తగవే.

రోజూ ట్రైనింగ్ గ్రౌండులో ఇరవై తూటాలు, దూరంగా పెట్టిన బొమ్మల మీద. ఎన్ని తగిలాయో రఫ్ నోట్సు వెనక పేజీలో రాసేవాళ్లం. జులైలో ఇరవైకి ఆరు, ఏడు. అక్టోబరుకి పన్నెండు, పదమూడు. డ్రైవరుగారబ్బాయి పదిహేడుకి తగ్గేవాడు కాదు. అంత చిన్న తెర మీద నాలుగొందల మీటర్ల అవతల గడ్డిలో ఒక చుక్క కదిలితే మాకన్నా ముందు వాడికే కనబడేది. డేగకళ్లురా నీవి అనేవాళ్లం. ఆ మాట ఇప్పుడు తలచుకుంటే మాకు ఎలాగో ఉంటుంది.

2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచాడు. ఆయన రైల్వే మనిషి, అప్పటికి సెంట్రల్ రైల్వేలో టీటీఈ. ఆ వారం మా కాలనీలో వేరే మాట లేదు. నల్లకోటు వేసుకున్న ప్రతి టీటీఈనీ కొత్తగా చూశాం. ఆ ఊపులోనే, ఎన్‌సీసీలో ఈసారి ఫైరింగ్ ఉందనగానే అసలు గన్ను పట్టుకోవాలని మా ప్రాణం లేచొచ్చింది. మాలో ముగ్గురు అబ్బాయిలం జూనియర్ డివిజన్, అమ్మాయి జూనియర్ వింగ్.

డిసెంబరు క్యాంపులో ఫైరింగ్ జరిగింది. .22 రైఫిల్, ఒక్కొక్కరికి ఐదు తూటాలు, టార్గెట్టు 25 మీటర్లలో. అంత దూరమేనా అని నవ్వుకున్నాం. ఆటలో ఇరవై ఐదు మీటర్లంటే పక్కగదిలో ఉన్నట్టు. బోర్లా పడుకుని రైఫిల్ భుజానికి ఆనించుకున్నాక నవ్వు పోయింది. అది బరువు. ఊపిరి తీస్తే గన్ను కదులుతుంది. గుండె కొట్టుకుంటే కదులుతుంది. చలికి వేళ్లు బిగుసుకుపోయాయి. హవల్దారుగారు హిందీలో చెప్పింది మా మాటల్లో ఇది. ఊపిరి సగం వదిలి ఆపు. ట్రిగ్గర్ లాగకు, నిమ్మకాయ పిండినట్టు మెల్లగా నొక్కు. కన్ను ముందు సైటు మొన మీద ఉంచు. మొన స్పష్టంగా కనబడాలి, టార్గెట్టు కాస్త మసకగానే కనబడాలి, అదే సరైన పద్ధతి.

ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి.

అందరి కాగితాలూ తెచ్చారు. మూడో లేన్ డ్రైవరుగారబ్బాయిది. దాని మీద ఒక్క చిల్లు కూడా లేదు. నాలుగో లేన్ గార్డుగారబ్బాయిది. దాని మీద పది చిల్లులున్నాయి. అందులో ఐదు కాగితం నాలుగు మూలలకీ చెదిరి ఉన్నాయి. మిగతా ఐదు ఒక్కచోట, రూపాయి బిళ్లకన్నా కొంచెం పెద్ద జాగాలో గుంపుగా ఉన్నాయి. హవల్దారుగారు స్కేలు పెట్టి కొలిచారు. ఆ రోజు ఎవరి గుంపూ అంత దగ్గరగా లేదు. మెచ్చుకుని, అదే నోటితో తిట్టారు. ఎంత మంచి గుంపైనా పక్కవాడి కాగితం మీద ఉంటే సున్నాయే అన్నారు. మేము నవ్వలేక చచ్చాం. క్యాంపు అయ్యేదాకా వాణ్ని నాలుగో నంబరని పిలిచాం. వాడూ నవ్వాడు. "నంబరు చూసుకోలేదురా" అన్నాడు. మేము నమ్మాం.

ప్లాట్‌ఫారం ఆలోచన వర్క్‌షాపు వాళ్లబ్బాయిది. అసలు రైఫిల్ పట్టుకున్నాక వాడికి ఒకటే గొడవ. మనం రోజూ మూడొందల మీటర్లు, మూడొందల మీటర్లు అంటున్నాం, నిజంగా మూడొందల మీటర్లలో మనిషి ఎంతుంటాడు అని. ఖరగ్‌పూర్‌లో అది చూడడానికి చోటు వెతకనక్కర్లేదు. మా స్టేషను ప్లాట్‌ఫారం పొడవు 1072 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైనదని చాలా ఏళ్లు పాఠ్యపుస్తకాల్లో ఉండేది. తర్వాత గోరఖ్‌పూర్‌ది 1366 మీటర్లతో దాన్ని దాటింది. 2023లో హుబ్బళ్లిది 1507 మీటర్లతో రెండింటినీ దాటింది. కాలనీ పెద్దలకి ఈ విషయం ఇంకా కష్టంగానే ఉంది.

కొలవడం తేలిక. ఎల్‌హెచ్‌బీ బోగీ ఒకటి సుమారు 24 మీటర్లు. పన్నెండు బోగీలంటే 288. ఇంకో అర బోగీ నడిస్తే మూడొందలు. జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం తలా పది రూపాయల ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొనుక్కుని, ఒక దూరప్రయాణం బండి ఆగి ఉన్నప్పుడు వెళ్లాం. గార్డుగారబ్బాయి ఎర్ర టీషర్టు వేసుకుని బోగీలు లెక్కపెట్టుకుంటూ వెళ్లాడు. పన్నెండున్నర దగ్గర ఆగి మా వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తాడు.

చెయ్యి చాచి బొటనవేలి పక్కన వాణ్ని చూశాం. సగం బియ్యపుగింజంత ఉన్నాడు. చేతులెత్తాడని తెలుస్తోంది గానీ మొహం లేదు, వేళ్లు లేవు. ఆటలో మేము తలకి గురిపెట్టేది ఇంత దూరంలోనా అని నోరు తెరిచాం. ఎనిమిది రెట్లు చూపించే స్కోపు ఏం చేస్తుందో, అది లేని కంటికి ఏం మిగులుతుందో అప్పుడు తెలిసింది.

"కనబడుతున్నాడా?" అని టీచరుగారమ్మాయి అడిగింది.

"ఆ, అడుగో. ఎవరితోనో మాట్లాడుతున్నాడు" అని డ్రైవరుగారబ్బాయి వేలు చూపించాడు.

వాడు చూపించింది నాలుగో బోగీ దగ్గరున్న పోర్టరుని. ఆయనది కూడా ఎర్ర చొక్కాయే. నెత్తిన పెట్టెతో ఒకావిడతో బేరమాడుతున్నాడు. వయసు యాభై ఉంటుంది.

మేము మొదట నవ్వాం. అమ్మాయి నవ్వలేదు. మా పక్కన ఉన్న బోగీకి అవతలి బోగీ మీద నంబరు బోర్డు ఉంది. అది చదవమంది. వాడు "ఏటి, నాకు పరీక్ష పెడతన్నావా" అన్నాడు. చదువు అంది మళ్లీ. వాడు ఒక అక్షరం చెప్పాడు. అది కాదు. తర్వాత అక్కడ నిలబడలేదు. మెట్లెక్కి వంతెన మీంచి వెళ్లిపోయాడు. పన్నెండు బోగీల అవతల గార్డుగారబ్బాయి ఇంకా చేతులెత్తుకునే ఉన్నాడు.

ఆ సాయంత్రం మేము ముగ్గురం ఒక్కొక్కటీ కలుపుకుంటూ కూర్చున్నాం. క్లాసులో వాడు ముందు బెంచీ వదలడు. బోర్డు మీదివి పక్కవాడి పుస్తకంలో చూసి రాసుకుంటాడు. క్రికెట్లో ఎప్పుడూ కీపింగే అడుగుతాడు, బౌండరీకి పోడు. వీధి చివర చెయ్యూపితే పలకడు, పొగరనుకునేవాళ్లం. ఫోను జానెడు దూరంలో ఉంటుంది, అక్కడ వాడికన్నా బాగా చూసేవాళ్లు లేరు. దాన్ని దాటితేనే వాడి లోకం కరిగిపోతోంది. నాలుగో నంబరు టార్గెట్టు ఎందుకు కొట్టాడో అప్పుడు తెలిసింది. వాడికి లేన్ నంబర్లే కనబడలేదు.

వాడింట్లో చెప్పాలా వద్దా అని మాలో మాకు పెద్ద గొడవైంది. ఒకరు చెప్పాలన్నారు, ఒకరు అది వాడి సంగతి, మనది కాదన్నారు. ఇంకొకరికి ఫోన్లు పోతాయన్న భయం. ఏ పిల్లాడికి కళ్లజోడు వచ్చినా కాలనీలో మొదటి ముద్దాయి ఫోనే కదా. ఆ భయం ఎవరిదో రాయడం లేదు.

రెండు రోజులు వాడు ఆన్‌లైన్‌లోకి రాలేదు. మూడో రోజు వచ్చి, ఏమీ జరగనట్టు స్క్వాడ్‌కి పిలిచాడు. ఎరంగెల్ మ్యాపు. పొచింకి ఊరి పక్క కొండ మీద నలుగురం గడ్డిలో బోర్లా పడుకున్నాం. చాలాసేపు కింద ఎవరూ రాలేదు. స్నైపింగ్‌లో ఉన్న సంగతి ఇదే, చేసేదాని కన్నా ఎదురుచూసేది ఎక్కువ. ఆ ఎదురుచూపులో మాటలు వస్తాయి. మేము నోరెత్తలేదు. వాడే మొదలెట్టాడు.

ఏడో తరగతి నుంచీ ఉందట. బళ్లో కళ్ల పరీక్ష చేసినప్పుడు వరసలో ముందున్నవాళ్లు చదివిన అక్షరాలు విని బట్టీపట్టి చెప్పేశాడట. రెండుసార్లు. క్యాంపులో హవల్దారుగారు టార్గెట్టు మసకగా కనబడాలి అన్నప్పుడు, ఓహో, అందరికీ ఇలాగే ఉంటుంది కాబోలని ఒక్క క్షణం ఎంతో హాయిగా అనిపించిందట. ఇది చెబుతున్నప్పుడు వాడి గొంతు మామూలుగానే ఉంది. మాదే బాగాలేదు.

ఎందుకు దాచావురా అని అడగలేదు, మాకు తెలుసు. వాళ్ల తాతగారు స్టీమింజను డ్రైవరు, వాళ్ల నాన్నగారు లోకో పైలట్. వాడికి నడక వచ్చినప్పటి నుంచీ చిన్న డ్రైవరుగారనే పిలుస్తారు. అసిస్టెంట్ లోకో పైలట్‌గా చేరాలంటే ఏ-1 మెడికల్ ఉండాలి. రెండు కళ్లూ, కళ్లజోడు లేకుండా, 6/6. లేజర్ ఆపరేషను చేయించుకున్నవాళ్లని తీసుకోరు. రైల్వే కాలనీలో పుట్టినవాళ్లకి ఇది ఎక్కాలతో పాటు వచ్చేస్తుంది. కళ్లజోడు పెట్టుకోవడమంటే వాడికి ఆ మాట ఒప్పేసుకోవడం.

"ఈడు వచ్చాడు" అన్నాడు వాడే మధ్యలో. రోడ్డు మీద ఒకడు పరిగెత్తుతున్నాడు. రెండొందల ఎనభై అన్నాం మేము. వాడు ఆగాడు. అవతలివాడు కంచె దగ్గర ఆగాడు. ఒక్క తూటా. వాడు పడ్డాడు. లేచి చోటు మార్చాం. ఆ తర్వాత రెండు నిమిషాలకి వేరేవాళ్లు వెనకనుంచి వచ్చి మమ్మల్ని నలుగుర్నీ ఊడ్చేశారు. ఎవరమూ వెనక్కి చూసుకోలేదు మరి.

ఇంట్లో వాడే చెప్పాడు. మేము ముగ్గురం క్వార్టర్సు మెట్ల మీద కూర్చున్నాం, వాడు రమ్మన్నాడు కాబట్టి. బాబాయిగారు రాత్రి డ్యూటీ చేసొచ్చి నిద్రలేచి టీ తాగుతున్నారు. కేకలు వినబడతాయని చెవులు రిక్కించాం. వినబడలేదు. "ఎన్నాళ్లయింది?" అన్నారు. అంతే. పిన్నిగారు మాత్రం ఆ ఫోను తీసి బీరువాలో పెట్టేశారు, మా వైపు చూసిన చూపుతో మిగతా మూడు ఫోన్లూ కూడా బీరువాల్లోకి పోతాయని అర్థమైంది. పోయాయి.

కాసేపటికి బాబాయిగారు బయటికి వచ్చి మా పక్కన మెట్టు మీద కూర్చున్నారు. మీరు ప్లాట్‌ఫారం మీద ఏటి కొలిచారు అని అడిగారు. చెప్పాం. ఆయన కొంచెంసేపు ఆలోచించి, స్టేషనుకి హోం సిగ్నల్ ఉంటుంది, దానికి కిలోమీటరు ముందు డిస్టెంట్ సిగ్నల్ ఉంటుంది అన్నారు. డిస్టెంట్ దగ్గర పసుపు ఉంటే హోం దగ్గర ఆగడానికి సిద్ధమవాలి. ఇంచుమించు మన ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరంత. వెనక ఇరవై రెండు బోగీలుంటాయి, బ్రేకు వేస్తే ఆటోలా ఆగిపోదు. అందుకే ఇద్దరం సిగ్నల్ చూసి పైకి చెప్పుకుంటాం, ఒకడికి పొరపాటుగా కనబడితే ఇంకొకడు పట్టుకోవాలని. మంచు రోజుల్లో ఆ కాస్త దూరం కూడా ఉండదు. ఇదంతా ఆయన ఎవరినీ తప్పుపట్టకుండా, పని గురించి చెప్పినట్టే చెప్పారు. వాడు గుమ్మంలో నిలబడి విన్నాడు. ఆ దూరం వాడికి చిన్నప్పటి నుంచీ తెలిసిందే. కానీ వాళ్ల నాన్నగారు వాడితో నేరుగా ఒక్క ముక్కా అనకుండా మాతో చెప్పారు. అది మేము గమనించాం.

డాక్టరుగారు కుడికంటికి మైనస్ రెండుంబావు, ఎడమకంటికి మైనస్ ఒకటీముప్పావు అన్నారు. ఫోను వల్లేనా అని పిన్నిగారు నాలుగుసార్లు అడిగారు. ఫోనూ పుస్తకమూ ఏదైనా దగ్గరపెట్టుకుని చూసేది ఎక్కువ, ఎండలో తిరిగేది తక్కువ అయితే ఈ వయసులో పెరుగుతుంది, రోజూ బయట ఆడనివ్వండి అన్నారట. పిన్నిగారు మొదటి సగమే విన్నారు. మేము రెండో సగాన్ని పట్టుకుని రోజూ సాయంత్రం మైదానానికి పోతున్నాం.

కళ్లజోడు పెట్టుకున్న మొదటిరోజు వాడు మైదానంలో క్రికెట్ ఆడలేదు. గట్టు మీద కూర్చుని రావిచెట్టు కేసి చూస్తూ, "ఆకులు ఇడిఇడిగా ఉన్నాయిరా" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు. మేము కూడా ఆ చెట్టును చూశాం. మాకు అది ఎప్పుడూ ఉన్న చెట్టే.

ఫోన్లు పరీక్షలయ్యాక తిరిగొచ్చాయి, ఆదివారం గంట మాత్రం. ఇన్నాళ్ల గ్యాపుతో ఇరవైకి తొమ్మిదికి పడిపోయాం. వాడు పద్నాలుగు. కళ్లజోడుతో ఫోను చూడడం ఇంకా అలవాటవలేదంటాడు, తీసేసి ఆడితే తిడతామని తెలుసు. ఇప్పుడు దూరాలు చెప్పే పని వాడిదే, బయట కూడా. లెవెల్ క్రాసింగు దగ్గర నిలబడి సిగ్నల్ స్తంభానికి ఎంత దూరమో చెబుతాడు, మేము అడుగులతో కొలుస్తాం. తక్కువ చెప్పడం మాకు ఇంకా పోలేదు. వాడికి తప్పేది పది, పదిహేను మీటర్లే.

లోకో షెడ్డులో టెక్నీషియన్లకి బీ-1 చాలు, దానికి కళ్లజోడు పరవాలేదు అని బాబాయిగారు ఒకసారి అన్నారు. వాడు అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఈ ఏడు పదో తరగతి.

పోయిన ఆదివారం మళ్లీ ప్లాట్‌ఫారానికి వెళ్లాం. ఈసారి పన్నెండున్నర బోగీల దగ్గర నిలబడింది టీచరుగారమ్మాయి. వాడు చాలాసేపు చూసి, ఎడమచెయ్యి ఎత్తింది అన్నాడు. మాకు కుడిచెయ్యి అనిపించింది. ఆమె వచ్చాక అడిగాం.

ఎడమచెయ్యే.